తొందరపడి రాసిన వరుస

మా బావ చేయి వణకడం నేను ఒక్కసారే చూశాను. అధ్యక్ష ఎన్నికల ఓట్లు లెక్కపెడుతున్న రోజు అది.

బావ అంటే మా అక్క మొగుడు. సభాభవనంలో పేర్లు రాసే ఉద్యోగం ఆయనది. గుమ్మాల మీది పలకలు, కుర్చీల వెనక నంబర్లు అన్నీ ఆయన చేతివే. కొట్ల బోర్డులు, లారీల వెనక నంబర్లు రాసుకుంటూ బతికి, ముప్ఫై దాటాక ఇక్కడ కుదురుకున్నాడు. అందరూ గీతల మేస్త్రీ అంటారు. కుంచెతో ఆయన గీత లాగితే స్కేలు సిగ్గుపడాలి. ముఖ్యమైన పని ఉన్న రోజు పొద్దున్నే టీ కూడా ముట్టడు, చేయి అదురుతుందని. అక్క దానికి కూడా విసుక్కుంటుంది. నేను అదే భవనంలో పెద్ద హాలు తలుపు దగ్గర గార్డును. నాకు నోటిదురుసు అంటారు, అబద్ధమేమీ కాదు.

ఆ హాల్లో గోడకు ఒక నల్లటి చెక్క బోర్డు ఉంది. ఈ దేశానికి ఉపాధ్యక్షులైనవాళ్లందరి పేర్లూ దాని మీద బంగారు రేకుతో రాసి ఉంటాయి. ఒక్కో పేరు కింద రెండు వరుసలు. ఉపాధ్యక్షుడు కాకముందు ఏం వెలగబెట్టాడో మొదటి వరుస, దిగిపోయాక ఏమయ్యాడో రెండోది. ఇరవై రెండేళ్లు దాని ఎదురుగా నిలబడ్డాను కాబట్టి నాకు కంఠతా వచ్చేసింది. బడిపంతులుగా మొదలై మేయరై, మంత్రై, దిగాక సొంత పార్టీ పెట్టి డిపాజిట్ పోగొట్టుకున్నాయన ఉన్నాడు. గట్టిగా మాట్లాడుతున్నాడని ఎక్కడో మంచుదేశానికి రాయబారిగా పంపి వదిలించుకున్నది ఇంకొకాయనను. జైలుకెళ్లొచ్చి మళ్లీ మంత్రి అయినాయన పేరు కింద జైలు సంగతి రాయలేదు లెండి, మంత్రి సంగతే రాశారు. ఇంతమందిలో అధ్యక్షులైనవాళ్లు ఇద్దరే.

అప్పటి ఉపాధ్యక్షుడికి మొదటి వరుస అందరికంటే పొడవు. బస్సు కార్మికుల నాయకుడు, మేయరు, రెండు పార్టీల్లో మంత్రి, మూడో పార్టీలో సభాపతి. ఆయన వేసినన్ని పిల్లిమొగ్గలు సర్కస్‌లో కూడా చూడం. నాకు ఆయన పేరెత్తితేనే ఒళ్లు మంట. మా నాన్న బస్సు డ్రైవరు. ఈయనను భుజాల మీద మోసినవాళ్లలో ఒకడు. మంత్రి అయ్యాక ఆ కార్మికుల సమ్మెనే ఈయన అణిచేశాడు. నాన్న ఉద్యోగం అప్పుడే పోయింది.

ఆ ఉపాధ్యక్షుడే ఈసారి అధ్యక్ష పదవికి నిలబడ్డాడు.

మా భవనంలో ఒక ఆనవాయితీ ఉంది. ఫలితం తేలిన రోజు సాయంత్రం నాలుగింటికి గెలిచిన కొత్త అధ్యక్షుడు, ఆయనతో గెలిచిన కొత్త ఉపాధ్యక్షుడు ఆ బోర్డు ముందుకు రావాలి. వాళ్లను వెంటబెట్టుకుని తీసుకురావాల్సింది పదవిలో ఉన్న ఉపాధ్యక్షుడే. ఆయనే పోటీ చేసి ఓడిపోయినా సరే, తనను ఓడించినవాణ్ణి తానే నడిపించుకుని రావాలి. ఒకవేళ ఆయనే గెలిస్తే, వచ్చి నిలబడేసరికి ఆయన పేరు కింద రెండో వరుస మెరుస్తూ ఉండాలి. చిక్కల్లా ఇక్కడే. బంగారు రేకు అద్దాలంటే ముందు వార్నిష్‌తో అక్షరాలు రాసి మూడు గంటలు ఆరబెట్టాలి. వేలి కణుపు ఆనిస్తే కాస్త అంటుకుని వదిలే అదను చూసి రేకు వేయాలి. అందుకని పొద్దున్నే మొదలుపెట్టకపోతే పని తెమలదు. రాతపూర్వకంగా కాగితం లేనిదే రేకు ముట్టకూడదని ఇంకో నియమం కూడా ఉంది.

లెక్కింపు రోజు పొద్దున ఎనిమిదిన్నరకు మా భవనం సూపరింటెండెంట్ ఊడిపడ్డాడు. టీవీలో ఉపాధ్యక్షుడు లక్షల ఆధిక్యంలో ఉన్నాడు. ఇక ఖాయమైపోయింది, రాసెయ్యమన్నాడు. బావ కాగితం అడిగాడు. పైనుంచే చెప్పారని, కాగితం మధ్యాహ్నానికి వస్తుందని, నాలుగింటికి పెద్దవాళ్లకు తడిబోర్డు చూపిస్తావా అని గదమాయించాడు. బావ నా వైపు చూశాడు. నేనైనా వద్దనాల్సింది. ఎవడు గెలిస్తే మనకేంటి బావా, రాసెయ్ అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదికల్లా 'దేశాధ్యక్షుడు' అని వార్నిష్‌తో రాసేశాడు. పన్నెండింటికి కణుపు ఆనించి చూసి రేకు అద్దాడు. నేను గార్డు గదిలో టీవీ చూడ్డం, హాల్లోకి రావడం, ఇదే పని. పదికి ఉన్న ఆధిక్యం పదకొండుకు సగమైంది. పన్నెండుకు అందులో సగం. ఊళ్లలో పెట్టెలు తెరుస్తున్నకొద్దీ తరుగుతోంది. ఆ సంగతి బావకు చెప్పాలంటే నోరు రాలేదు. ఒంటిగంటకు ఆధిక్యం అవతలివాడికి పోయింది. రెండింటికి ఫలితం ప్రకటించేశారు. ఉపాధ్యక్షుడు ఓడిపోయాడు.

నేను పరుగెత్తుకొచ్చేసరికి బావ నిచ్చెన మీదే ఉన్నాడు. నా ముఖం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. కిందికి దిగుతుంటే నిచ్చెన టకటకా కొట్టుకుంది. అప్పుడే చూశాను ఆ చేయి వణకడం.

సూపరింటెండెంట్ మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. నీళ్లు నములుతాడేమో అనుకున్నాను. లేదు, తడుముకోకుండా అడిగాడు.

"ఎవరు రాయమన్నారయ్యా నిన్ను?"

"మీరే కదండీ సార్," అన్నాడు బావ.

"కాగితం చూపించు."

మధ్యాహ్నానికి వస్తుందన్న ఆ కాగితం రానేలేదు. సూపరింటెండెంట్ అయిదింటికి పైకి రిపోర్టు పంపుతానని, సభను అవమానించినందుకు ఉద్యోగంతో పాటు పింఛను కూడా ఉండదని చెప్పి చేతులు దులుపుకుని పోయాడు. బావకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ఈ వయసులో మళ్లీ లారీల వెనక నంబర్లు రాయడానికి పోవాలి. నేను వెనకాలే వెళ్లి ఆ మనిషి కాలర్ పట్టుకునేవాణ్ణే, బావ నా చెయ్యి వదల్లేదు.

"ముందు అది చెరపనీరా. అక్కకు మాత్రం చెప్పకు."

టర్పెంటైన్ గుడ్డతో రుద్దాడు. బంగారం ఊడింది కానీ దాంతోపాటు అడుగున నల్లరంగు కూడా లేచొచ్చింది. మళ్లీ నల్లరంగు వేశాడు. అంత పాత బోర్డు మీద ఆ కొత్త నలుపు జానెడు మేర తడితడిగా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అట్టముక్కతో విసిరాను. బావ నోటితో ఊదాడు. నాలుగు కావడానికి పది నిమిషాలుంది. రంగు ఆరలేదు. ఆ వాసన తలుపు దాకా కొడుతోంది.

నాలుగింటికి వాళ్లు రానే వచ్చారు. ముందు ఉపాధ్యక్షుడు, పక్కన గెలిచినాయన, వెనక కెమెరాలు, ఓ వంద మంది. ఉపాధ్యక్షుడి ముఖం మాడిపోయి ఉంది. అయినా నడక తడబడలేదు. గెలిచినాయన బోర్డు ముందు ఆగి, వాసన పీల్చి, ఆ తడి చోటును వేలితో చూపించి ఇక్కడేమైందని నవ్వుతూ అడిగాడు. సూపరింటెండెంట్ ఒక్క అంగలో ముందుకొచ్చాడు. పెయింటర్ తనంతట తానే ఏదో రాశాడని, చర్య తీసుకుంటున్నామని అంటూ గోడకు అంటుకుపోయి నిలబడ్డ బావను చూపించాడు. వంద తలలు అటు తిరిగాయి. కెమెరాలు కూడా.

నాకు నోరు తెరిచే హక్కు లేదు. గార్డు మాట్లాడితే అక్కడికక్కడే ఇంటికి పంపిస్తారు. పోతే పోయిందిలే అనుకుని ఒక అడుగు వేశాను. నా నోట్లోంచి మాట రాకముందే ఉపాధ్యక్షుడు మాట్లాడాడు.

"ఆయన తప్పేం లేదు. పొద్దున నేనే ఫోన్ చేసి రాయించమన్నాను. గెలిచాననుకున్నాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో పకపకా నవ్వారు. అంతే, హాలంతా నవ్వింది. గెలిచినాయన కడుపు పట్టుకున్నాడు. ఉపాధ్యక్షుడు చేతులు కట్టుకుని నిలబడి ఆ నవ్వు ఆగేదాకా ఓపిక పట్టాడు. ఆగాక, కొత్త ఉపాధ్యక్షుడి పేరు ఎక్కడ రాస్తారో ఆనవాయితీ ప్రకారం వాళ్లకు చూపించాడు. బావ టర్పెంటైన్ గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు. నా కళ్లల్లో కూడా.

ఆ నవ్వు వారం రోజులు టీవీల్లో ఆడింది. ఓట్లు లెక్కపెట్టకముందే అధ్యక్షుడైనాయన అని పేరు పెట్టారు. పార్టీలో ఇక ఆయన మాట విన్నవాడు లేడు. మళ్లీ ఎక్కడా పోటీకి టికెట్ ఇవ్వలేదు. రిపోర్టు మాత్రం పైకి పోలేదు. బావ మూడేళ్లూ చేసి, పింఛనుతో ఇంటికొచ్చాడు. ఉపాధ్యక్షుడు మా నాన్నకు చేసినదాన్ని నేను మర్చిపోలేదు, మర్చిపోను. కానీ ఆ హాల్లో ఆయన నోరు మూసుకుని ఉంటే అడిగేవాడెవడు? ఆయన రాజకీయం బతికేది. మా బావ ఉద్యోగం పోయేది.

ఇప్పటికీ ఎన్నికల మాట వస్తే అక్క నాన్న సంగతి పక్కనపెట్టి ఆ ఉపాధ్యక్షుణ్ణి తలుచుకుని, మనందరం ఆయనకే ఓట్లేసినా అంత మంచి మనిషి ఓడిపోయాడే అని బాధపడుతుంది. బావ తలూపుతాడు. నేను తల వంచుకుని అన్నం తింటాను. ఆ ఎన్నికల్లో నేను ఓటేసింది గెలిచినాయనకు.