మామ్మ దాహం

నా చిన్నప్పుడు, మామ్మకు దాహం వేయదని నాతో చెప్పింది మా నాన్నే. శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డున మాది వేటకు వెళ్ళే కుటుంబం. మామ్మ, అంటే నాన్న తల్లి, ఒకప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలు అమ్మిన మనిషి. జారిపడి తుంటి విరిగాక, ఒకరు పట్టుకుంటే తప్ప లేవలేకపోయింది. పెదనాన్నలు తటపటాయిస్తుంటే, తల్లిని తాను చూసుకుంటానని నాన్నే పదిమందిలో చెప్పాడు. ఆ రోజు నాకు ఎంతో గర్వంగా అనిపించింది.

మామ్మ మంచం వసారాలో ఉండేది. తల దగ్గర ఎప్పుడూ నిండు చెంబు. వచ్చిన చుట్టాలు ఆ చెంబును, ఉతికిన దుప్పటిని చూసి నాన్నను మెచ్చుకునేవారు. పొద్దున నింపిన చెంబు సాయంత్రానికీ అలాగే ఉండేది. ఎందుకు తాగదని అడిగితే, ముసలివాళ్ళకు దాహం ఉండదని నాన్న నవ్వుతూ చెప్పాడు. నాన్న మాట కాబట్టి నమ్మాను. మామ్మ పెదాలు పగిలి ఉండేవి. ఉప్పుగాలికి అనుకున్నాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మామ్మ ఏదేదో మాట్లాడటం మొదలుపెట్టింది. తన పేరు పెట్టి తననే పిలుచుకుంది. నన్ను గుర్తుపట్టలేదు. అమ్మ చేపల బేరానికి వెళ్ళింది, నాన్న ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. నేను భయపడి పక్కింటి అక్కను పిలుచుకొచ్చాను. అక్క కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టింది. చాలాసేపటికి మామ్మకు తెలివొచ్చింది. అప్పుడు అక్క చెంబు అందిస్తే తల తిప్పేసుకుంది.

"తాగితే లెగాల కదమ్మా," అంది. "లెగదీసీవోలు ఎవులున్నారు?"

"నానున్నానుగా. తాగు మామ్మా."

మామ్మ అక్క ముఖంలోకి అలాగే చూసింది. తర్వాత రెండు చేతులతో చెంబు పట్టుకుని, మెడ మీదుగా నీళ్ళు కారిపోతున్నా ఆగకుండా తాగింది. అక్క కదలకుండా పక్కనే కూర్చుంది. కాసేపటికి మామ్మను చంకల కింద పట్టి లేపి, పెరట్లో తాటాకుల దడి వెనక్కి మెల్లగా నడిపించుకెళ్ళింది.

ఈ సంగతి తెలిస్తే నాన్న కంగారుపడతాడని అనుకున్నాను. నాన్న ఇంటికొచ్చీ రాగానే అక్క చెప్పింది. నాన్న భుజం మీది వల కూడా దించలేదు.

"నాకు తెల్దేటి?" అన్నాడు. "దినమూ ఎన్నిసార్లని లెగదీస్తాం? తక్కువ తాగితే అమ్మకీ సుఖం, మాకూ సుఖం. మద్దిన నువ్వొస్తే పేటంతా ఏటనుకుంటాది?"

మంచం మీద నుంచి మామ్మ, "ఆడినేటీ అనకమ్మా, ఆడు మంచోడే," అని అక్కనే బతిమాలింది.

నేను గుంజ పట్టుకుని నిలబడిపోయాను. నన్ను భుజాల మీద ఎక్కించుకుని పడవ దగ్గరకు తీసుకెళ్ళే మనిషి అతనే. ఆ మనిషికి అంతా తెలుసు. తెలిసే నాతో అలా చెప్పాడు.

ఆ తర్వాత అక్కను రానివ్వలేదు. నేను లేపబోతే నా బలం చాలలేదు. మామ్మ నా చేయి మెల్లగా విడిపించుకుని, దాహం లేదులే అంది. వానలు పడకముందే పోయింది. ఆఖరి ఘడియల్లో ఆమె నోట్లో తులసినీళ్ళు పోసింది నాన్నే. భోరున ఏడ్చాడు. కొడుకంటే అలా ఉండాలని పేటంతా చెప్పుకుంది. నాకు కన్నీళ్ళు రాలేదు. అందుకు అమ్మ తిట్టింది.

ఇప్పుడు గరివిడిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా వీధిలో మంచం పట్టిన పెద్దవాళ్ళు కొందరున్నారు. ఇళ్ళనిండా మనుషులే. నేను చూడటానికి వెళ్ళినప్పుడు నీళ్ళు తాగారా అని అడగను, ఓసారి లేద్దామా అని అడుగుతాను. చాలామంది మొదట తలుపువైపు చూస్తారు, ఆ తర్వాతే చేయి చాపుతారు.

ఈమధ్య నా మోకాళ్ళూ మొరాయిస్తున్నాయి. డ్యూటీకి వెళ్తూ మా అబ్బాయి, ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగమంటాడు. మనసున్నవాడే. అయినా వాడు గడప దాటాక ఆ మాటను ఎంతవరకు నమ్మాలా అని ఆలోచిస్తూ కూర్చుంటాను. మా నాన్న గొంతు కూడా అంత మెత్తగానే ఉండేది.