ఎర్ర నూనె

ఆ రోజు బస్సులో నేను చేసిన తప్పు, నిజం తెలిసీ అబద్ధం ఆడడం.

ఇంజను జోరు పెంచే టర్బో బిగించిన నా పాత కారుకు మాన్యువల్ గేర్లు పెడితే, గేరు మార్చినప్పుడల్లా ఊపు తగ్గుతుందని ఆటోమేటిక్ గేర్‌బాక్సే ఎంచుకున్నాను. గిద్దలూరులో పాతదొకటి కొని, గోనెపట్టాలో చుట్టి, మార్కాపురం బస్సులో వెనక సీటు కింద పెట్టాను. పక్కన పుల్లలచెరువు వైపు గొర్రెల కాపరి ఒకాయన, అల్లుడొచ్చాడని మాంసం డబ్బా తీసుకుపోతున్నాడు.

కంభం దాటాక నేలమీద ఎర్రటి చార కనబడింది.

"ఏంది పెద్దాయనా, బస్సంతా నెత్తురు చేసినావు! దిగు ముందు," అన్నాడు కండక్టరు.

"నా డబ్బా మూత బిగించినా సామీ. ఈ పిల్లోడి గోనెలోంచి కారతాంది, చూడు."

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే నూనె ఎర్రగా ఉంటుందని నాకు తెలుసు. అయినా, "ఇనుములో నెత్తురెట్ల ఉంటది మామా?" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆయన్ను మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద దించేశారు.

ఆ తర్వాత కూర్చోలేకపోయాను. తర్లుపాడులో గోనెతో సహా దిగి, ఆటోలో వెనక్కి పోయాను. పెద్దాయన డబ్బా పట్టుకొని నడిచి వస్తున్నాడు.

"తప్పయింది మామా. అది నా నూనే."

"నాకు తెలీదనా చెప్తాండావు? పోయి ఆ బస్సులో చెప్పు." ఆటో వైపు కూడా చూడకుండా నడిచిపోయాడు.

మరునాడు అదే బస్సెక్కి, ఎర్ర నూనె అంటిన ఆ గోనెపట్టా విప్పి కండక్టరుకు చూపించి, అందరూ వినేట్టు చెప్పాను. నిన్న నవ్విన వాళ్లెవరూ అందులో లేరు. అందుకని ఆ వారమంతా ఎక్కాను.