మూడో గుండీ ఎత్తున

మా సినిమా విభాగంలో ఆమెను అందరూ జానెడు అనేవాళ్ళు. ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు. ఆ పేరు పెట్టింది నేనే. నాది ఆరడుగుల ఒక అంగుళం, చిన్నప్పటినుంచీ నన్ను నిచ్చెన అని పిలిచారు, ఆ కసి ఎవరిమీదో ఒకరిమీద తీర్చుకోవాలి కదా. ఆమె కోపం తెచ్చుకోలేదు. నోటుబుక్కు అట్టమీద "జానెడు" అని పెద్ద అక్షరాలతో రాసుకుని నా ముందే బల్లమీద పెట్టింది. పిట్ట కొంచెం కూత ఘనం అని మా ల్యాబు అటెండరు అంటూ ఉండేవాడు. నన్నడిగితే కూత మామూలే. పట్టే మహా గట్టిది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

వాళ్ళమ్మ రెడీమేడ్ చొక్కాలు కుట్టే వర్క్‌షాపులో కాజాలు తీసి గుండీలు కుట్టేది. జానెడు బడి అవగానే అక్కడికెళ్ళి అమ్మ బల్లకింద కూర్చుని గుండీలు ఏరేది. రెండు చిల్లులవి ఒక డబ్బాలో, నాలుగు చిల్లులవి ఇంకో డబ్బాలో. ఆరేళ్ళప్పుడు బస్టాండు రద్దీలో నాన్న చేయి వదిలేసి తప్పిపోయిందట. నాన్న ఎలా ఉంటాడని పోలీసాయన అడిగితే, "తెల్ల గుండీలు, కిందనుంచి రెండోది మాత్రం నల్లదారంతో కుట్టారు" అని చెప్పిందట. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కానీ ఆ గుర్తుతోనే పావుగంటలో నాన్న దొరికాడు. ఈ కథ వాళ్ళమ్మ నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది, ప్రతిసారీ నేను మొదటిసారి విన్నట్టే నవ్వేవాణ్ణి.

చివరి ఏడాది ఒక్కో జట్టు పది నిమిషాల థ్రిల్లర్ తీయాలి. మా జట్టులో దర్శకత్వం ఆమెది, కెమెరా నాది. మా విభాగంలో ఒక నియమం ఉంది. ముందు ప్రతి షాటూ కాగితం మీద ఉండాలి. బొమ్మ, కోణం, కెమెరా ఎంత ఎత్తులో ఉంటుంది, అన్నీ. కింద మాస్టారి సంతకం లేనిదే స్టోర్‌రూములో కెమెరా ఇవ్వరు. ఇచ్చినా రెండు రోజులే. సినిమా ఫెయిలైతే ఏడాది మొత్తం ఫెయిలైనట్టే. నాకైతే ఇంకో ఏడాది చదవడం కష్టమేమీ కాదు. జానెడుకి అలా కాదు. అమ్మకి చూపు తగ్గి సూదిలో దారం ఎక్కడం లేదు. ఫెయిలైతే చదువు మానేసి ఆ బల్ల దగ్గర అమ్మ కుర్చీలో తను కూర్చోవాలి. ఆ మాట ఇంట్లో ఎప్పుడో అనుకున్నారు.

కథ తనే రాసింది. ఒక అపార్ట్‌మెంట్‌లో మెట్లు తుడిచే అమ్మాయి. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడని కొట్టి దోచుకుని ఒకడు మెట్లమీదుగా పరుగెత్తుతాడు. అమ్మాయి పొట్టిది. వాడి ముఖం ఆమెకి కనిపించదు, చొక్కా కనిపిస్తుంది. పైనుంచి మూడో గుండీ ఊడిపోయి ఆ చోట పిన్నీసు ఉంటుంది. మర్నాడు పొద్దున్న కిక్కిరిసిన లిఫ్ట్‌లో ఏడుగురు మగవాళ్ళ మధ్య ఇరుక్కుని నిలబడినప్పుడు, మళ్ళీ ఆ పిన్నీసు కనిపిస్తుంది. వాడు ఆమెను చూస్తాడు.

కథ వినగానే మాస్టారు భేష్ అన్నారు. షాట్ల కాగితాలు చూశాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్ఫై నాలుగు షాట్లు. ప్రతిదాని పక్కనా కెమెరా ఎత్తు ఒకటే, నాలుగడుగుల మూడంగుళాలు. అది జానెడు కళ్ళుండే ఎత్తు. ఆ ఎత్తునుంచి చూస్తే ఫ్రేములో మగవాళ్ళెవరికీ తలలు లేవు. పొట్టలు, మోచేతులు, జేబుల్లో పెన్నులు, గుండీలు మాత్రమే ఉన్నాయి.

మాస్టారు చెడ్డవారు కాదు. ఇరవై ఏళ్ళుగా అదే పాఠం చెబుతున్నారు. కెమెరా కిందపెట్టి తీస్తే విలన్ కొండంత కనిపిస్తాడు, పైనుంచి తీస్తే భయపడేవాళ్ళు చీమల్లా కనిపిస్తారు, సీనులో అనుమానం పుట్టించాలంటే ఫ్రేము కాస్త వాల్చండి. ఎర్ర పెన్సిలు తీసుకుని ఒక్కో బొమ్మ చుట్టూ సున్నా చుట్టారు.

"విలన్ తలకాయేదమ్మా?" అన్నారు.

"నాకు కనపడలేదు సార్."

"నీక్కాదు, చూసేవాళ్ళకి కనపడాలి."

"చూసేవాళ్ళు ఆ అమ్మాయి పక్కన నిలబడి చూస్తారు సార్. వాళ్ళకి మాత్రం ఎలా కనపడుతుంది?"

తిరిగి గీసుకు రమ్మన్నారు. వారం తర్వాత అవే కాగితాలు పట్టుకెళ్ళింది, ఎర్ర సున్నాలు మాత్రం శుభ్రంగా చెరిపి. ఆయన మళ్ళీ సున్నాలు చుట్టారు. ఆమె మళ్ళీ చెరిపింది. నాలుగోసారికి కాగితాలు చిరిగే దశకొచ్చాయి. ఆయనకి విసుగొచ్చి సంతకం పెట్టారు, పక్కనే "నా సలహాకు విరుద్ధంగా" అని రాసి మరీ. బయటికి రాగానే జానెడు ఆ మాటకి జిరాక్సు తీయించి షాట్ల కాగితాల మొదటి పేజీలో అంటించింది. సినిమా పేరు రాయాల్సిన చోట.

లిఫ్ట్‌లో ట్రైపాడ్ పట్టదు. కెమెరా చేత్తోనే పట్టుకోవాలి. నేను మోకాళ్ళమీద నిలబడితే నా కళ్ళు సరిగ్గా ఆమె ఎత్తుకొస్తాయి. టేపు పెట్టి కొలిచి మరీ చూసింది. వాళ్ళమ్మ చొక్కాల పీలికలు కుక్కి నాకోసం రెండు మెత్తలు కుట్టి పంపింది, మోకాళ్ళకి కట్టుకోవడానికి నాడాలు కూడా పెట్టి. మొదటి రోజంతా మెట్లమీద తీశాం. సాయంత్రానికి నా మోకాళ్ళు బన్నుల్లా వాచాయి.

ఆ సాయంత్రమే మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. ఆ పిల్ల మొండిది, నువ్వైనా ఆలోచించు అన్నారు. లిఫ్ట్‌లో విలన్ ముఖం ఒక్క క్లోజప్ తీసి ఉంచితే ఎడిటింగ్‌లో అతికించుకోవచ్చు, లేకపోతే బయటినుంచి వచ్చే జడ్జీలు ఫెయిల్ చేసినా తను అడ్డుపడలేనన్నారు. నేను గోడమీద పిల్లిని. పాము చావాలి, కర్ర విరగకూడదు అనుకునే రకం. మర్నాడు జానెడు కింద లిఫ్ట్ కోసం ఎదురుచూస్తున్న వాళ్ళని బతిమాలడానికి వెళ్ళినప్పుడు నేను లేచి నిలబడ్డాను. విలన్ వేషం మా అటెండరుదే. అతని ముఖం ఇరవై సెకన్లు తీశాను. ఎంత సిగ్గుచేటో చెప్పనా, ముందుగా నాకు కలిగింది మోకాళ్ళకి హాయి.

భోజనాల వేళ తీసినవి చూసుకుంటుంటే ఆ షాట్ వచ్చింది. జానెడు చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ఇందులో చూస్తున్నదెవరు?" అంది.

కెమెరా అన్నాను.

"కెమెరాకి కళ్ళెక్కడివి? ఎవరో ఒకరు చూడాలిగా. నా కథలో ఇంత ఎత్తు మనిషి అటువైపు ఎవరూ లేరు."

మాస్టారన్నదంతా చెప్పేశాను. ఫెయిలైతే నీ సంగతేంటి, అమ్మ సంగతేంటి అని కూడా అడిగాను. అడగాల్సింది కాదు. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఫెయిలైతే నా సినిమాతో ఫెయిలవుతా. ఆయన సినిమాతో పాసై ఏం చేసుకోను?" అంది. "చిన్నప్పటినుంచీ అందరూ నన్ను కాస్త పైకి లేచి చూడమనేవాళ్ళే. ఒక్క పది నిమిషాలు మీరు కిందికి రండి. అంతేగా నేనడిగింది."

చేయి కడుక్కుని వచ్చి, అందరూ చూస్తుండగానే ఆ షాట్ చెరిపేసింది. మళ్ళీ వెనక్కి రాకుండా చెరిపింది. ఆ తర్వాత నావైపు తిరిగి, మోకాళ్ళమీద నిలబడతావా, కెమెరా నాకిస్తావా అని అడిగింది. నేను మెత్తలు కట్టుకున్నాను. ఆ మధ్యాహ్నం మూడింటికి, లిఫ్ట్‌లో ఏడు చొక్కాల మధ్య, నా జీవితంలో మొదటిసారి నాకు ఊపిరాడలేదు. ఒక మోచెయ్యి నా చెవికి తగిలింది. ఎవరిదో తెలుసుకోవాలన్నా ముఖం కనపడదు. పొట్టివాళ్ళు రోజూ ఇలాగే బతుకుతారా అని నాకు నిజంగా భయమేసింది. ఆ భయమంతా షాట్‌లోకి వచ్చింది. అందులో నా గొప్పేమీ లేదు.

ప్రదర్శన అయిదో అంతస్తు హాల్లో పెట్టారు. మాస్టారు, ఇద్దరు జడ్జీలు, మేం విద్యార్థులం, మొదటి వరసలో జానెడు వాళ్ళమ్మ. లిఫ్ట్ సీను వచ్చింది. చొక్కాలు అటూ ఇటూ కదులుతున్నాయి. ఒకటి మెల్లగా ఇటు తిరిగింది. మూడో గుండీ చోట పిన్నీసు తళుక్కుమంది. "వాడే," అని వాళ్ళమ్మ పైకే అనేసింది. చివర్లో అమ్మాయి చేయి, అది జానెడుదే, ముందుకొచ్చి ఆ పిన్నీసు ఊడలాగుతుంది. అక్కడితో అయిపోయింది.

పొడుగాటి జడ్జి ఒకాయన లేచి, నేరస్థుడి ముఖం చూపించకపోవడం లోపమే కదా అన్నారు. మాస్టారు నేలవైపు చూశారు. జానెడు నిలబడింది.

"నేనూ వాడి ముఖం చూడలేదండీ," అంది. "చూడకుండానే పట్టుకున్నా."

మార్కుల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. అత్తెసరు మార్కులతో పాసయ్యాం. మార్కుల కాగితంలో కెమెరా ఎత్తు దగ్గర సున్నా వేశారు. వాళ్ళమ్మ ఆ కాగితం మడిచి గుండీల డబ్బాలో దాచింది.

ఆ రోజు ప్రదర్శన అయ్యాక అందరం ఒకే లిఫ్ట్‌లో ఎక్కాం. జడ్జీలు, మాస్టారు, అటెండరు, నేను, తలుపు దగ్గర ఇరుక్కుని జానెడు. ఎవరూ ఎవరి ముఖంవైపూ చూడటం లేదు. అందరి చూపులూ కిందికే, పక్కవాళ్ళ చొక్కాలమీద. పొడుగాటి జడ్జి తన గుండీలు ఒక్కోటీ తడుముకున్నారు. జానెడు చేయి పైకి లేచింది. మాస్టారు ఒక్కసారి వెనక్కి తగ్గి మూడో గుండీమీద అరచెయ్యి పెట్టుకున్నారు.

ఆమె మీట నొక్కింది, అంతే.

"కిందికే కదా సార్?" అంది.