ఫర్‌సేక్ అన్న మాటకు మాస్టారి వివరణ

ఉద్యోగ విరమణ నాడు బడివాళ్లు గోడ గడియారం ఇవ్వబోతే వద్దని, ఇంగ్లీషు మాస్టారు తన తరగతి గదిలోని నల్లబల్లను అడిగి తెచ్చుకున్నారు. అప్పటినుంచి వీధివైపు గదిలో ఆ బల్ల, నాలుగు నిఘంటువులు, ఒక పడకకుర్చీ కాపురం ఉంటున్నాయి. రోజుకొక ఇంగ్లీషు పదం బల్ల మీదికి ఎక్కుతుంది. పాలవాడైనా సరే, దాని అర్థం వినకుండా గడప దాటడానికి వీల్లేదు. వీధిలోవాళ్లు ఆయన్ని నిఘంటువు మాస్టారంటారు. అది గౌరవమేనని ఆయన నమ్మకం.

ఆయన్ని చదివించింది అక్క. తాను నాలుగో తరగతితో సరిపెట్టుకుని, బట్టల మిల్లులో రెండు షిఫ్టులు చేసి, తమ్ముణ్ణి పట్టా దాకా లాక్కొచ్చింది. అక్క పోయినప్పుడు ఆమె కూతురితో "నేనున్నానమ్మా" అని నలుగురి ముందూ మాటిచ్చారు. మాటలంటే ఆయనకు ప్రాణం మరి.

ఆ కూతురు ఆస్పత్రిలో నర్సు. ఒక ఉదయం డ్యూటీ దిగి, పెట్టెతో సహా వచ్చింది. తాను అద్దెకున్న ఇల్లు అమ్మేశారు. ఆస్పత్రి క్వార్టర్సు దొరకడానికి రెండు నెలలు పడుతుంది.

"అప్పటిదాకా మీ ముందుగది ఇస్తారా మావయ్యా? నాకింకెక్కడా చోటు లేదు."

మాస్టారి చూపు పడకకుర్చీ మీదికి వెళ్లి, అక్కడ ఇరుకున పడి, నల్లబల్ల మీదికి చేరి క్షేమంగా ఆగింది.

"మంచి రోజున వచ్చావే అమ్మాయ్! ఇవాళ్టి పదం చూడు, ఫర్‌సేక్. అర్థం చెప్పు."

"వదిలేయడం."

"అదిగో, అందరూ చేసే తప్పే! బస్టాపు వదిలి వెళ్తే లీవ్. సిపాయి కాపలా మానేసి పారిపోతే డెజర్ట్. మునిగే పడవను ఇక లాభంలేదని వదులుకుంటే అబాండన్. ఇది అలాంటిది కాదు. మనల్నే నమ్ముకున్న మనిషి ఒకరుంటారు చూడు, వాళ్లకి అవసరం పడ్డప్పుడు మొహం చాటేయడం. బరువైన మాట. కుర్చీలకీ బల్లలకీ వాడకూడదు."

"పిల్ల నిద్రకి తూలిపోతోంది. ముందు గది సంగతి తేల్చండి," అంది వంటింట్లోంచి భార్య.

"గదిదేముందే! వాడుక చెప్పనీ."

ఆయన సుద్దముక్క అందుకున్నారు. గది మాట వచ్చినప్పుడల్లా పుస్తకాలకు గాలి తగలాలనీ, నర్సు డ్యూటీల వేళలు ఇంటికి పడవనీ, క్వార్టర్సు ముందే వచ్చినా రావచ్చనీ చుట్టూ తిరిగి మళ్లీ బల్ల దగ్గరే తేలారు. ఇవ్వనన్న మాట మాత్రం ఆయన నోటివెంట రాలేదు. అంత మొరటు మాట వాడే మనిషి కారు.

మేనకోడలు పెట్టె పిడి పట్టుకుని లేచింది.

"అర్థమైంది మావయ్యా."

"వాడుక కూడానా?"

"వాడుక ఇంకా బాగా అర్థమైంది."

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కసారి చెబితే పట్టేసిన విద్యార్థి ఆయనకు తగల్లేదు. ఆ సంతోషం భార్యతో పంచుకుందామని తిరిగారు. ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, పెట్టెకు రెండోవైపు పట్టి, అప్పటికే మెట్లు దిగుతోంది.

"నువ్వెక్కడికే?"

"మా చెల్లెలింటికి. దానికి ఇంగ్లీషు రాదు, చోటిస్తుంది."

"మరి మధ్యాహ్నం వంటో?" అని ఆయన గేటు దాకా వచ్చి అడిగారు. వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి చూడలేదు.