ఒక్క విషయమే మాట్లాడాలట

మా ఎంపీని నేను కాక అని పిలుస్తాను. రక్తసంబంధం లేదు. హసన్‌పర్తి అవతల మాది ఒకటే ఊరు, ఒకటే వాడ. నా చిన్నప్పుడు ఆయనా మా నాన్నా పక్కపక్క చేలల్లో పత్తికి మందు కొట్టేవాళ్ళు. తరువాత ఆయన సర్పంచ్ అయ్యాడు, ఆపైన ఒక్కో మెట్టూ ఎక్కాడు. పార్లమెంటుకు గెలిచిన రోజు ఊళ్ళో అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనేనని నాకనిపిస్తుంది. దండలు మెడలో ఉండగానే మా ఇంటికొచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, నాన్నను పత్తి ఎట్లున్నదని అడిగాడు.

నేను హనుమకొండలో ఒక కాలేజీలో హిందీ చెప్తాను. ఆ ఏడు చలికాలం సమావేశాలకు ఆయన నన్ను వెంట రమ్మన్నాడు. కాకకు ఉర్దూ వచ్చు. మార్కెట్ యార్డులో వ్యాపారులతో బేరాలాడి నేర్చుకున్న ఉర్దూ అది. దానితో వరంగల్‌లో ఏ పనైనా చక్కబెట్టుకొస్తాడు గాని, ఢిల్లీలో తను నోరు తెరిస్తే ఆఫీసర్లు తల కిందికి వంచుకుని నవ్వుతున్నారని ఆయన అనుమానం.

"నువ్వు పక్కకుంటే జర ధైర్యం, బిడ్డా" అన్నాడు. సెలవు పెట్టి వెళ్ళాను.

ఆ ఏడు మా వైపు రెండు కష్టాలు కలిసి వచ్చాయి. సరిగ్గా పత్తి ఏరే వేళకు వానలు పట్టుకున్నాయి. తడిసిన పత్తిని ఎండబోసి తీసుకుపోయినా, తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతున్నారు. నాన్న పత్తి కూడా అట్లాగే తిరిగొచ్చి ముందు గదిలో నడుం ఎత్తున పడి ఉంది. గదంతా ముక్క వాసన. రెండోది మిల్లు. మా ఊరి రోడ్డు మీదున్న నూలు మిల్లును మూసేసి యంత్రాలను వేరే రాష్ట్రానికి తరలిస్తున్నామని యజమానులు గేటుకు నోటీసు అంటించారు. మా అన్న అందులో ఫిట్టర్. చదువు మానిన ఏడాదే చేరాడు, అక్కడే పనంతా నేర్చుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఎంతోమంది ఆ మిల్లు బస్సెక్కి పనికి పోయేవాళ్ళు.

హనుమకొండ సుబేదారిలో కాక ఆఫీసుంది. బయల్దేరే ముందు రోజు అక్కడ వరండాకు ఒక పక్క రైతులు, ఇంకో పక్క మిల్లువాళ్ళు కూర్చున్నారు. కొందరు ఒకే ఇంటివాళ్ళు. కాక రెండు వైపులవాళ్ళకూ ఒకే మాట చెప్పాడు. ఢిల్లీలో అడుగుతానన్నాడు. వాళ్ళు నమ్మారు. నేనూ నమ్మాను.

ఢిల్లీలో మొదటి వారమంతా ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. మిల్లు సంగతి ఎత్తితే అది ప్రైవేటువాళ్ళ వ్యవహారం, రాష్ట్రాన్ని అడగండన్నారు. రాష్ట్రంలో అంతకుముందే అడిగాం. కేంద్రాన్ని అడగమన్నది వాళ్ళే. పత్తి సంగతి ఎత్తితే తేమకు నిబంధన ఉంది, దాన్ని మార్చడం తమ చేతిలో లేదన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. టీ ఇచ్చారు. కాక మాటల్ని నేను మంచి హిందీలోకి మార్చి చెప్తుంటే వాళ్ళు నా వైపే చూసేవాళ్ళు. కాక నా ముఖం చూస్తూ కూర్చునేవాడు, డాక్టరు ఏం చెప్తాడోనని చూసే రోగి తాలూకు మనిషిలాగా.

ఇక మిగిలింది సభే. మధ్యాహ్నం జీరో అవర్‌లో తమ ప్రాంతం సమస్య మీద రెండు నిమిషాలు మాట్లాడనిస్తారు. ముందు రోజు నోటీసు ఇవ్వాలి, లాటరీలో పేరు రావాలి. ఒక నోటీసుకు ఒక్క విషయమే. ఈ సంగతి తెలిసిన సాయంత్రం కాకకిచ్చిన క్వార్టర్ ముందు గడ్డిలో కుర్చీలేసుకుని కూర్చున్నాం. కాక కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"ఒక్క విషయమే మాట్లాడాల్నట. నువ్వే చెప్పు బిడ్డా. మీ బాపు పత్తా, మీ అన్న మిల్లా?"

నోటిదాకా అన్న పేరే వచ్చింది. వెంటనే ముందు గదిలో పత్తి కుప్ప పక్కన పడుకునే నాన్న గుర్తొచ్చాడు. చివరికి చిన్నమ్మ, అంటే మాతో వచ్చిన కాక భార్య, చెప్పింది. పత్తి అంటే ఊళ్ళన్నీ, మిల్లంటే ఒక్క గేటే కదా అంది. ఆ మాటలో తప్పేం లేదు. కాక పత్తి మీద నోటీసు ఇచ్చాడు.

పేరు వచ్చింది. ఆ రోజు ఏదో గొడవ లేచి సభ వాయిదా పడింది. మళ్ళీ నోటీసు, మళ్ళీ పేరు, మళ్ళీ వాయిదా. కాక ప్రతి పొద్దునా అద్దం ముందు నిలబడి తెలుగులో చెప్పుకునేవాడు. వాచీ పట్టుకుని నేను వినేదాన్ని. చివరికి సభ నడిచిన రోజు వచ్చింది. ఆ పొద్దున మేం బయల్దేరుతుంటే వదిన కాకకు ఫోన్ చేసింది. సాయం చేయమని అడగలేదు. సంగతి చెప్పింది, అంతే.

"మామా, ఇయ్యాల్టి నుంచి మిషిన్లు ఇప్పుతాన్రు."

కాక సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాడు. కారులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నేను పైన సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. కాక సీటు బాగా వెనక వరుసలో ఉంది. పేరు పిలిచాక లేచి, తలపాగా సర్దుకున్నట్టు తల తడుముకున్నాడు. తలపాగా ఆ రోజు కట్టుకోలేదు. తెలుగులో మొదలుపెట్టాడు. నేను విన్న మాటలు అద్దం ముందు చెప్పుకున్నవి కావు.

"అధ్యక్షా, మా ఊరి దగ్గర ఒక మిల్లున్నది. ఇయ్యాల దాన్ని ఇప్పుతాన్రు."

సభాపతి స్థానంలో ఉన్నాయన అడ్డుపడి, మీ నోటీసు పత్తి మీద, దాని గురించే మాట్లాడండని హిందీలో చెప్పాడు. కాక ఆగాడు. ఆయన గొంతు పైదాకా స్పష్టంగా వినిపించింది.

"రెండూ ఒకటే అధ్యక్షా. పత్తి పండిచ్చేటోడు తండ్రి, నూలు తీసేటోడు కొడుకు. ఇద్దరు ఒక్కింట్లనే ఉంటరు."

ఇంకోసారి అదే హెచ్చరిక. అప్పుడు పత్తికి వచ్చాడు. వాన రైతు తెచ్చింది కాదని, వాన పడ్డ ఏడు పత్తికి తేమ లేకుండా ఎట్లుంటదని అడుగుతుండగా గంట మోగింది. మైకు ఆగిపోయింది. అవతల ఎవరి పేరో పిలిచారు. కాక పెదవులు కదులుతూనే ఉన్నాయి. నాకేమీ వినపడలేదు. పక్క సీటాయన చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు.

బయటికొచ్చాక ఏమన్నా వినపడ్డదా అని నన్ను అడిగాడు. మిల్లు మాట వినపడ్డదనీ, పత్తిది సగం వినపడ్డదనీ చెప్పాను. అబద్ధం చెప్పాలనిపించింది గాని, ఆ వీడియో అప్పటికే ఊరికి చేరి ఉంటుంది. చేరింది కూడా. పత్తిని వదిలి మిల్లు గురించి మాట్లాడాడని రైతులన్నారు. మిల్లు పేరు ఎత్తి వదిలేశాడని మిల్లువాళ్ళన్నారు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మాటనూ కాక నాతో చదివించుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

సమావేశాలు ముగిసి కాజీపేటలో రైలు దిగాక, ఇంటికి పోకుండా నేరుగా మిల్లుకు పోదామన్నాడు. గేటు బయట లారీలు ఉన్నాయి. లోపల షెడ్డు సగం ఖాళీ. నేల మీద మిషన్లు ఉన్నచోట నూనె మరకలు. ఎవరో బయటివాళ్ళు విప్పుతున్నారని మేం అనుకున్నాం. చూస్తే మావాళ్ళే. పాత ఫిట్టర్లకే ఆ పని అప్పగించారు. అన్న మోకాళ్ళ మీద కూర్చుని పానాతో బోల్టు తిప్పుతున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. కాక భుజం పట్టి ఆపాడు.

"మేం బిగిచ్చినయే కాకా" అన్నాడు అన్న. "వేరేటోళ్ళు ఇప్పితే ఇరగ్గొడ్తరు."

కాక ఏదో చెప్పబోయాడు. లారీలకు అడ్డం పడుకుంటానన్నాడేమో, మళ్ళీ అడుగుతానన్నాడేమో, నాకు సరిగా వినపడలేదు. అన్న మాత్రం తల అడ్డంగా ఊపాడు. పైకి చూడకుండానే, మీరు మాట్లాడింది చూశామని చెప్పి, ఆ బోల్టు ఊడదీసి పక్కన పెట్టాడు. కాసేపు నిలబడ్డాం. క్రేన్ వస్తున్నది పక్కకు జరగమని ఎవరో అన్నారు. జరిగాం.

ఊరికి వస్తుంటే దారిలో కొనుగోలు కేంద్రం దగ్గర పత్తి ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. కారును గుర్తుపట్టి రైతులు చుట్టుముట్టారు. కాక దిగాడు. ఒకతను బస్తాలోంచి పిడికెడు పత్తి తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన నలిపి చూసి, ఎండిందే కదా అన్నాడు. అవునన్నారు. లోపలికి పోయి అక్కడి ఆఫీసరుతో మాట్లాడాడు. కొద్దిసేపటికే తిరిగొచ్చాడు.

"వచ్చే సమావేశాల్ల అడుగుత" అన్నాడు వాళ్ళతో.

వాళ్ళలో ముసలాయన ఒకరు, ఢిల్లీల సలి బాగ పెడ్తదట గదా, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పాడు. రైతులు ట్రాక్టర్ల దగ్గరికి పోయి పత్తి మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకున్నారు. మబ్బు పట్టింది.