తిరిగిరాని తొమ్మిది మంది

మా ఆసుపత్రిలో మణెమ్మ ఉద్యోగం పేరు ఆయా. నంద్యాలలో నేను యూరాలజీ ఆసుపత్రి పెట్టి పంతొమ్మిదేళ్లయింది, ఆమె చేరి పదిహేడేళ్లు. పుట్టింది దొర్నిపాడు దగ్గరి పల్లెలో. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. భర్త యేసురత్నం నంద్యాల పక్కనే కౌలుకు మినుము, శనగ వేస్తాడు. ఇంట్లో వంట కూడా ఆయనదే. మణెమ్మ వంట తినలేమని పిల్లలు చిన్నప్పుడే తేల్చేశారట. ఆ మాట ఆమే అందరికీ చెప్పి నవ్వుతుంది.

పెద్దవయసు మగవాళ్లకు ప్రొస్టేట్ ఆపరేషన్ చేశాక ఒకటి రెండు రోజులు సెలైన్ ఒక పక్క లోపలికి పోతూ, ఇంకో పక్క మూత్రపు సంచిలోకి దిగుతూ ఉండాలి. పైన సీసా ఖాళీ అవుతున్నా కింద సంచి నిండడం లేదంటే లోపల రక్తపు గడ్డ అడ్డం పడిందని అర్థం. నర్సులు గంటకోసారి చూసి చార్టులో రాస్తారు. మణెమ్మ చీపురు పట్టుకుని వరండాలో పోతూ మంచం మీది మనిషి కాలివేళ్లు చూస్తుంది. వేళ్లు ముడుచుకుని ఉంటే లోపల మూత్రం నిలిచిపోయి నొప్పి పుడుతోందని ఆమె లెక్క. "మూడో నంబరు తాత ట్యూబు మూసుకున్యాది, బేగా రాండి," అని కేక వేస్తుంది. ఆమె మాట తప్పయిన రోజు నాకు గుర్తు లేదు. కోపం వచ్చినప్పుడు ఒకటి రెండుసార్లు గుర్తు చేసుకోవాలని చూశాను కూడా.

కోపం ఎందుకంటే ఆమె గొంతు అలాంటిది. మా దగ్గరికి వచ్చే జబ్బులు కోడలి ముందు చెప్పుకునేవి కావు. ఏ పెద్దాయనో దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంటే, ఈమె వార్డంతటికీ వినిపించేలా "తాతా, ఒంటికి పోయినావా ల్యాదా?" అని అడుగుతుంది. మెల్లగా అడగమని పదిహేడేళ్లుగా చెబుతున్నాను. "మెల్లగా అడిగితే మెల్లగా అబద్ధం చెప్తారు సార్," అంటుంది.

డాక్టర్ అజయ్ కుమార్ మా దగ్గర చేరి రెండేళ్లయింది. కొత్తగా చదువు ముగించుకుని వచ్చినవాడు, నాలాగా కాదు, ప్రతిదానికీ లెక్క కావాలంటాడు. రాష్ట్ర స్థాయి సదస్సుకు ఒక పరిశోధన పత్రం రాద్దామన్నాడు. విషయం స్టెంట్లు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే సన్నటి గొట్టంలో రాయి ఇరుక్కుంటే ఇప్పుడు మేం పొట్ట కోయం. ఒంటికి పోయే దారిలోంచే సన్నటి కెమెరా పంపి, లేజరుతో రాయిని పొడి చేస్తాం. ఆ తరువాత వాపుతో దారి మూసుకుపోకుండా జానెడుకు కాస్త మించిన మెత్తటి ప్లాస్టిక్ గొట్టం లోపల ఉంచుతాం. అదే స్టెంట్. మూడు వారాలకు వస్తే పది నిమిషాల్లో తీసేస్తాం. రాకపోతే బోరు నీళ్లు కాచే గిన్నెకు అడుగున పట్టినట్టు దానికి తెల్లగా పట్టడం మొదలవుతుంది. నెలలు గడిస్తే గొట్టమే రాయి అవుతుంది. పైకి పెద్ద నొప్పి లేకుండానే కిడ్నీ లోపల్లోపల చచ్చిపోతుంది.

మూడేళ్లలో మేం వేసిన స్టెంట్లు ఆరువందల పన్నెండు అని అజయ్ లెక్క తీశాడు. తీయించుకున్నవాళ్లు ఆరువందల ముగ్గురు. తొమ్మిది మంది తిరిగి రాలేదు, ఫోన్లు తగలడం లేదు. "నూటికి ఇద్దరు కూడా కాదు సార్. పత్రికల్లో వచ్చే లెక్కల కంటే మనం చాలా నయం," అన్నాడు. నాకూ ఛాతీ కొంచెం పొంగిన మాట నిజం. ఆ సమయంలో మణెమ్మ నా గదిలో బల్ల తుడుస్తోంది.

"ఆ తొమ్మిది మంది ఎవురు సార్?" అంది.

అజయ్ సరదాగా పేర్లన్నీ ఊళ్లతో సహా చదివాడు. బండి ఆత్మకూరు, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ. ఆమె గుడ్డ పక్కన పెట్టి వింది.

"ఒగడు తప్ప అందరూ ఆడోళ్లే గదా సార్."

మేమిద్దరం కాగితం వైపు చూశాం. రాళ్లతో మా దగ్గరికి వచ్చేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. రానివాళ్లలో మాత్రం తొమ్మిదికి ఎనిమిది మంది ఆడవాళ్లు. వయసుల వారీగా, రాయి సైజుల వారీగా అన్ని పట్టికలూ వేసిన అజయ్‌కు ఇది కనిపించలేదు. నాకు అసలు పట్టికలే కనిపించవు.

"సిగ్గు మణెమ్మా. మగ డాక్టర్లు తీస్తారని రారు," అని నేను వెంటనే తీర్పు చెప్పేశాను.

"సిగ్గయితే మొదట్లో ఎట్లొచ్చినారు? అప్పుడు మీకు మీసాల్లేవా?" అని బల్ల తుడవడం పూర్తి చేసి వెళ్లిపోయింది.

ఆ జాబితాలో అందరికంటే ఎక్కువ రోజులైంది ఆళ్లగడ్డ షంషాద్‌కు. వయసు ముప్పై నాలుగు. ఎడమ కిడ్నీకి స్టెంట్ వేసి పద్నాలుగు నెలలు. ఇంకా ఆలస్యమైతే కిడ్నీ దక్కదు, ఇప్పటికే దక్కుతుందో లేదో తెలియదు. ఇంటి చిరునామా దగ్గర "పరుపుల సైదులు భార్య, ఆళ్లగడ్డ" అని మాత్రమే ఉంది. పోస్టు కార్డు రాద్దామని అజయ్ అన్నాడు. మణెమ్మ మాత్రం ఆ ఆదివారం చర్చి మానేసి ఆళ్లగడ్డ బస్సెక్కింది. పదిహేడేళ్లలో ఆమె చర్చి మానింది అప్పుడేనని తరువాత యేసురత్నం నాతో కొంచెం నిష్ఠూరంగా చెప్పాడు.

ఆళ్లగడ్డలో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు ఇప్పుడు చాలామంది లేరు. మూడో దుకాణంలో ఇల్లు చెప్పారట. షంషాద్ వసారాలో కూర్చుని పరుపు గలీబు కుడుతోంది. మొహం పాలిపోయి ఉంది. పక్కన చెంబులో కొండపిండి ఆకు కషాయం. నడుము నొప్పికి ఆరు నెలలుగా తాగుతోంది. మణెమ్మను గుర్తుపట్టి, "పెద్దమ్మా, నువ్వేందీ ఈడ?" అని లేచి నిలబడింది.

"నీ లోపల గొట్టం ఉండాది గదమ్మా. తీయించుకోను ఎందుకు రాలేదు?"

"ఏం గొట్టం?" అంది షంషాద్.

మణెమ్మ మొదట నమ్మలేదట. మళ్లీ అడిగితే, "రాయి తీసినారు గదా పెద్దమ్మా, అయిపాయ గదా," అని షంషాద్ ఎదురు అడిగింది. ఆమె మొహం చూశాక మణెమ్మకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. "రేపు పొద్దున ఎనిమిదికి మీ ఆయప్పను తీసుకోని ఆసుపత్రికి రా. రాకపోతే ఎల్లుండి నేనే మళ్లొస్తా," అని చెప్పి వచ్చింది.

సోమవారం వాళ్లిద్దరూ వచ్చారు. ఎక్స్‌రే తీయించాను. స్టెంట్ ఉండాల్సిన చోట సుద్దముక్కలాంటి తెల్లటి గీత. పైకొన కిడ్నీలో, కింది కొన మూత్రాశయంలో గడ్డలు కట్టి ఉన్నాయి. నాకు కోపం ఆగలేదు. సైదులును గదిలోకి పిలిచి అరిచాను. మూడు వారాలకు తీసుకురమ్మని చెప్పానా లేదా? ఫోనుకు మూడు మెసేజీలు వచ్చాయా లేదా?

"చెప్పినారు సార్," అన్నాడు సైదులు. సన్నటి మనిషి, వేళ్ల సందుల్లో ఇంకా దూది అంటుకుని ఉంది. "దానికి పెద్దాపరేషన్‌తో కాన్పయినప్పుడు లోపలి కుట్లు వాటంతట అవే కరిగిపోతాయి అన్నారు. ఇది గూడా లోపలిదే గదా, నొప్పి పాయ, కరిగిపోయుంటాది అనుకున్యా. చెబితే అది భయపడి తిండి మానేస్తాదని దానికి చెప్పలే."

నేను ఇంకా ఏదో అనబోయాను. గుమ్మం దగ్గర నిలబడ్డ మణెమ్మ లోపలికి వచ్చింది. అజయ్ ముందే, సైదులు ముందే అంది:

"ఆయప్పను తిట్టాకండి సార్. మీరు యాడ చెప్పినారు? వరండాలో. ఎవురికి చెప్పినారు? ఫైలు పట్టుకున్నోనికి. ఆయమ్మ లోపల మంచం మీద ఉండాది. కండ్లు తెరుచుకోనే ఉండాది, చెవులు గూడా ఉండాయి. ఆయమ్మ ఒంట్లో పెట్టింది ఆయమ్మకు చెప్పినారా?"

చెప్పలేదు. వరండాలో చెప్పింది నేనే. ఎవరి చేతిలో ఫైలు ఉంటే వాళ్లకు చెప్పడం మాకు అలవాటు. ఆడమనిషి పేషెంటు అయితే ఫైలు భర్త చేతిలోనో, అన్న చేతిలోనో, తోడు వచ్చిన ఆటో అతని చేతిలోనో ఉంటుంది. మగమనిషి ఫైలు అతని చంకలోనే ఉంటుంది. మెసేజీలు కూడా ఫైలు మీది నంబరుకే పోతాయి. తిలా పాపం తలా పిడికెడు అంటారు గాని, ఇందులో నా పిడికిలి పెద్దది. నాకు సిగ్గేసింది. అయినా మణెమ్మ మీద ఆ పూటంతా కోపంగానే ఉన్నాను.

మిగిలిన ఏడుగురు ఆడవాళ్లనూ రెండు వారాల్లో వెతికి పట్టుకున్నాం. ఐదుగురికి లోపల ఏదో ఉందనే తెలియదు. అదృష్టం బాగుండి ఏడుగురి స్టెంట్లూ కాస్త కష్టంతోనైనా బయటికి వచ్చాయి, కిడ్నీలు దక్కాయి. ఆ ఒక్క మగమనిషి మాత్రం బెంగుళూరులో తీయించుకున్నాడు, మాకు చెప్పలేదంతే. అజయ్ పత్రాన్ని మొదటినుంచి తిరగరాశాడు. ఇప్పుడు డిశ్చార్జి రోజున నేనే మంచం పక్కన కూర్చుని, కొత్త స్టెంట్ ఒకటి పేషెంటు చేతిలో పెట్టి, ఇలాంటిది నీ లోపల ఉందని చెబుతాను. ఆ మనిషి తన నోటితో నాకు తిరిగి చెప్పాలి. మణెమ్మ వెనక నిలబడి వింటుంది. సరిగా చెప్పలేదనుకుంటే మళ్లీ చెప్పమని నన్నే అంటుంది.

షంషాద్‌కు మాత్రం ఇదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆమె కిడ్నీ నిండా చీము. వీపు వైపు నుంచి చిన్న గొట్టం పెట్టి చీము తీసేశాం. మూత్రాశయం వైపు గడ్డను లేజరుతో పగలగొట్టాం. ఇక ఆరు వారాలు ఆగి చూడాలి. అడ్డం తొలగాక ఒక్కోసారి కిడ్నీ కోలుకుంటుంది. కోలుకుంటే వీపు గొట్టంలోంచి రోజూ లీటరు దాకా మూత్రం రావాలి. కోలుకోకపోతే తీసేయాలి.

కొలిచే పని మణెమ్మది. మొదటి పది రోజులు ఆసుపత్రిలో, తరువాత వారానికి రెండుసార్లు వాళ్లు ఆళ్లగడ్డ నుంచి వచ్చినప్పుడు. నలభై మిల్లీలీటర్లు, అరవై, ముప్పై ఐదు. టీ గ్లాసు కూడా నిండదు. షంషాద్ ప్రతిసారీ అడిగేది, "ఎంత పెద్దమ్మా?" అని. మణెమ్మ అంకె ఉన్నదున్నట్టు చెప్పేది. నాలుగో వారంలో ఒకరోజు చార్టులో నూట డెబ్బై కనిపించింది. సంచి తెప్పించి నేనే పోసి చూశాను. డెబ్బై ఉంది.

మణెమ్మను పిలిచాను. "ఆ పిల్ల అడిగే కాడికి నోరు రాలేదు సార్. నా చెయ్యే ఒకటి ఎక్కువ రాసింది," అంది. పదిహేడేళ్లలో ఆమె కళ్లలో నీళ్లు చూడడం అదే మొదలు. నేను అరవలేదు. చార్టులో ఆ ఒకటి అంకె కొట్టేసి నా పొడి సంతకం పెట్టాను.

ఆరు వారాల తరువాత కర్నూలులో స్కాన్ చేయించాం. ఎడమ కిడ్నీ చేసే పని నూటికి ఆరు పాళ్లు. చీము మళ్లీ ఊరుతోంది. అది లోపల ఉంటే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి వస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాం.

షంషాద్ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. సైదులు తల వంచుకుని గోడకు ఆనుకున్నాడు. ఆయన వైపు చూడకుండా ఆమెకే చెప్పాను. కిడ్నీ తీసేయాలమ్మా, తప్పు మాది, నీకు చెప్పాల్సింది చెప్పలేదు, అని. పొట్ట మీద ఎన్ని రంధ్రాలు పెడతామో, ఎన్ని రోజులు ఉండాలో, ఏం జరగొచ్చో అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు. మధ్యలో ఆపి రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది.

"ఇంగొకటి బాగుండాదా సార్?"

"చాలా బాగుందమ్మా. అది ఒక్కటి చాలు, నిండు నూరేళ్లు బతుకుతావు."

ఆమె కుడి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"దాంట్లో ఏమన్నా పెట్టినారా సార్, నాకు తెలీకుండా?"

"లేదమ్మా," అన్నాను.

నా మాట ఆమెకు చాలలేదు. నన్ను దాటి మణెమ్మ వైపు చూసింది.

"ఏం ల్యాదు తల్లీ. నేను గూడా చూసినా," అంది మణెమ్మ.

అప్పుడు షంషాద్ కాగితం అడిగి తీసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో అడిగింది.