ఎవారిస్తో పాస్ చేసిన బుట్ట

తారో లోయలో పుట్టగొడుగుల సంగతి తెలిసినవాడెవరంటే అందరూ ఎవారిస్తో పేరే చెబుతారు. ఎవరూ చెప్పకపోతే ఆయనే చెప్పుకుంటాడు. అడవి నుంచి బుట్టతో దిగినవాళ్లు ముందు ఆయన గుమ్మం దగ్గర ఆగి, "తమకు ఇబ్బంది లేకపోతే ఒకసారి చూసి పెడతారా?" అని వినయంగా అడగాలి. అడక్కుండా పోయినవాడి మీద ముసలాయన వారం రోజులు మూతి ముడుచుకుంటాడు. తానొకరిని సలహా అడగడం మాత్రం ఎరగడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఒక సెలవు పూట, బడికి కొత్తగా వచ్చిన దెలియా టీచరు ఆగింది. బుట్టలో ఇంకా విచ్చుకోక తెల్ల పొరలో గుడ్లలా మూసుకుని ఉన్న పుట్టగొడుగులు.

"ఎవారిస్తో గారూ, ఏమీ అనుకోకండి, పనిలో ఉన్నారేమో. మీరొక్కసారి చూస్తే నాకు ధైర్యం."

"పనేముందమ్మా, ఇలా ఇవ్వు."

విచ్చుకోని గుడ్డును కోసి చూడాలి. లోపల పసుపు ఉంటే విందు, తెలుపు ఉంటే చావు. ఎవారిస్తో చాకుతో కోశాడు. పసుప్పచ్చగా కనిపించింది. కనిపించక ఏం చేస్తుంది! శుక్లాలు ముదిరిన ఆ కళ్లకు కొన్నాళ్లుగా పాలు కూడా పసుప్పచ్చగానే ఉంటున్నాయి. ఆ మాట చచ్చినా ఎవరికీ చెప్పుకోలేదు.

"బంగారంలా ఉన్నాయి. పచ్చివే తరుక్కుని తినండి" అన్నాడు.

ఆమె నాలుగు దండాలు పెట్టి వెళ్లింది. ఆయన రొట్టె ముందు కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు. టీచరమ్మ ఇంట్లో చిన్నపిల్ల ఉంది. పాడు పరువు, దీనికోసం పిల్ల ప్రాణం తీస్తానా అనుకున్నాడు. టోపీ కూడా పెట్టుకోకుండా వాలు దారిలో పరిగెత్తాడు. పరిగెత్తే వయసా అది.

వెళ్లేసరికి బల్ల మీద పళ్లెం, పిల్ల చేతిలో ఫోర్కు. పళ్లెం లాక్కున్నాడు.

"తినొద్దు. నాకు రంగులు తెలియడం లేదమ్మా. చూసినట్టు అబద్ధం చెప్పాను."

దెలియా కుర్చీ జరిపింది. "ముందు కూర్చోండి. ఇవి మంచివే. మీ దగ్గరికి రాకముందే ఆరోగ్య కేంద్రంలో పుట్టగొడుగులు పరీక్షించేవాళ్లకు చూపించాను."

"మరి నన్నెందుకు అడిగావు?"

ఆమె తల దించుకుంది. "ఊళ్లో అందరూ అంతేనటండి. అక్కడ చూపించాకే మీ దగ్గర ఆగుతారట. అడక్కపోతే మీరు నొచ్చుకుంటారని చెప్పారు."

"అందరూనా?"

"అందరూనండి. మీ కళ్ల సంగతి తెలిసినప్పటి నుంచీ."

ఎవారిస్తోకు తల కొట్టేసినట్టయింది. గుమ్మం దగ్గర ఆగిన బుట్టలన్నీ గుర్తొచ్చాయి. తాను దర్జాగా కోసి, వాసన చూసి, బంగారం అంటుంటే, వాళ్లు ఎంత ఓపిగ్గా తలలూపారో గుర్తొచ్చింది. ఇంతకాలం ఊరు తనకు సలహా అడిగే మర్యాదను భిక్ష వేసింది. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

లేచి గుమ్మం దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయాడు.

"టీచరమ్మా, తమకు ఇబ్బంది లేకపోతే..." జీవితమంతా విన్న మాటే, అనడం ఇదే మొదలు. "నేనేరినవి ఇంట్లో కొన్ని ఉన్నాయి. ఒకసారి చూసి పెడతారా? చూపు తగ్గినప్పటి నుంచీ భయమేసి ఒక్కటీ తినలేదు."